రెండో ఆదివారం కేసెట్లు

మంగళవారం ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు మంగళగిరిలో కరెంటు పోయింది. మా వైపు కరెంటు పోవటం చెప్పుకోదగ్గ విషయం కాదు. తల మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది కాబట్టి పోయిందని నాకు వెంటనే తెలియలేదు కూడా. టైము ఇంత కచ్చితంగా చెప్పగలగటానికి కారణం, అప్పుడు నేను గోడ గడియారం చూసుకుంటూ పని చేస్తున్నాను. కుడిచేతిలో వేడెక్కిన సాల్డరింగ్ ఐరన్ ఉంది. ఎడమచేతి పట్టకారులో ఐదు రూపాయల బిళ్ళంత పాత బ్యాటరీ ఉంది. దాన్ని అప్పుడే ఒక వీడియో గేమ్ కేసెట్‌లోంచి ఊడదీశాను. కేసెట్ మా అక్కది. అక్క లేదు. ఇల్లు మా బావగారిది. ఆయన దుకాణంలో ఉన్నాడు. నేను వచ్చిన సంగతి ఆయనకు తెలియదు.

కేసెట్ అంటే పాటలది కాదు. తొంభైల్లో టీవీకి తగిలించుకునే వీడియో గేమ్ పెట్టెలు వచ్చాయి. పెట్టె నెత్తిన సన్నటి గాడి ఉండేది. అందులో అరచేతి వెడల్పున్న ప్లాస్టిక్ డబ్బీ గుచ్చితే ఆట వచ్చేది. ఆ డబ్బీని బెజవాడలో అందరం కేసెట్ అనే అన్నాం. మేం అప్పుడు గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ కొట్టు వెనక రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. నాన్న ఏదో పని మీద మద్రాసు వెళ్ళి, బర్మా బజారులో పెట్టె ఒకటి, కేసెట్లు ఆరు కొనుక్కొచ్చాడు. అక్కకు పద్నాలుగేళ్ళు, నాకు తొమ్మిది. తరవాతి పదేళ్ళలో ఆ ఆరూ ముప్ఫై ఎనిమిది అయ్యాయి.

ముప్ఫై ఏడు కేసెట్లు స్విచ్ కట్టేస్తే ఆడిందంతా మరిచిపోయేవి. ఒక్కటి మరిచిపోయేది కాదు. దాని లోపల చిన్న బ్యాటరీ ఉంది. ఇవాళ ఎక్కడ ఆపామో రేపు అక్కడే మొదలుపెట్టవచ్చు. బ్యాటరీ బతికి ఉన్నంతకాలమే ఆ జ్ఞాపకం. తీసేసినా, తీరిపోయినా అంతా పోతుంది. ఇదంతా ఆ ఒక్క కేసెట్ గురించే.

ఆ ఆటలో అక్షరాలు మా ఊళ్ళో ఎవరికీ చదవటం రాదు. ఏ దేశానివో కూడా అప్పుడు తెలియదు. ఒక మనిషి ఊళ్ళు తిరుగుతాడు, మందులు కొంటాడు, కొండలు దాటతాడు. ఏ మీట ఏం చేస్తుందో అక్క నొక్కి చూసి తెలుసుకుంది. తెలిసినదాన్ని ఎనభై పేజీల రూళ్ళ నోటుపుస్తకంలో తెలుగులో రాసుకుంది. పై నుంచి రెండోది నొక్కితే మందు తాగుతాడు. మూడోది నొక్కకూడదు. నల్లచొక్కా ముసలాడు అబద్ధాలు చెబుతాడు. ఇలా నూటికి పైగా వాక్యాలు. పేరు పెట్టుకొమ్మని అడిగిన చోట తనకు నచ్చిన నాలుగు ఆకారాలు ఎంచుకుంది. అవి ఏమని పలుకుతాయో అక్కకూ తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

కేసెట్లు తుడవటం అక్క పని. ఎవరూ చెప్పలేదు, తనే పెట్టుకుంది. నెలకొక రోజు, రెండో ఆదివారం. మాది ఎండాకాలమంతా దుమ్ము, వానలు మొదలయ్యాక గోడలకు కూడా చెమట పట్టే ఊరు. కేసెట్ అంచున వరసగా రాగి పిన్నులు ఉంటాయి. వాటికి పైన బంగారు పూత ఉంటుందంటారు కానీ, మాకు దొరికిన సరుకులో ఆ పూత పేరుకే. దేవుడి గదిలో రాగి చెంబుకు పట్టినట్టే వాటికి పచ్చగా చిలుము పట్టేది. చిలుము పడితే తెర మీద గళ్ళు గళ్ళుగా చెత్త వచ్చేది, ఆట వచ్చేది కాదు.

అప్పుడు ఊళ్ళో పిల్లలందరూ చేసే పని ఒకటే. కేసెట్ తీసి, నోటి దగ్గర పెట్టుకుని, ఉఫ్ అని ఊది మళ్ళీ గుచ్చటం. ఊదితే పనిచేస్తుందని అందరి నమ్మకం. పని చేసేది కూడా. అక్క నమ్మలేదు. ఒకే ఆటవి రెండు కేసెట్లు మా దగ్గర ఉండేవి. ఒక వానాకాలమంతా ఒకదాన్ని రోజూ ఊదింది, రెండోదాన్ని ఊదకుండా ఉంచింది. దసరాకల్లా ఊదినదానికి అంచంతా పచ్చబడింది. రెండోదానికి లేదు. నోటి తడి లోపలికి వెళ్తుందని అక్కకు అర్థమైంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో కేసెట్ ఊదితే వీపు మోగేది.

ఆమె పద్ధతి ఇది. కేసెట్ మరలకు తల మామూలుది కాదు, స్క్రూడ్రైవర్ పట్టదు. రీఫిల్ తీసేసిన పెన్ను గొట్టాన్ని కొవ్వొత్తి మీద మెత్తబరిచి, మర తల మీద అదిమి, చల్లారేదాకా పట్టుకునేది. ఆ ఆకారమే గొట్టానికి వచ్చేది. దానితోనే విప్పేది. పిన్నులను తెల్ల రబ్బరుతో ఒకవైపుకే రుద్దేది, వెనక్కి రుద్దనిచ్చేది కాదు. రబ్బరు పొట్టు మెత్తటి కుంచెతో దులిపేది. తరవాత స్పిరిట్‌లో ముంచి పిండిన దూదితో తుడిచి, పేపరు మీద పరిచి, అరగంట ఆరబెట్టేది. ఒకసారి తడి లాగుతుందని కేసెట్ల స్టీలు డబ్బాలో బియ్యం మూట పెట్టింది. నెల తిరిగేసరికి డబ్బా నిండా ముక్కపురుగులు. అమ్మ వారం రోజులు వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్వింది. అక్క నవ్వలేదు. చెప్పుల డబ్బాల్లో వచ్చే, తడి పీల్చే గుళికల పొట్లాలు పోగేసి వాటిని పెట్టింది. తను తప్పు చేస్తే నవ్వటం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. ఆ గుణం నాకూ వచ్చింది.

పెళ్ళయి మంగళగిరి వెళ్ళేటప్పుడు సారె బిందెల పక్కనే ఆ స్టీలు డబ్బా కూడా వెళ్ళింది. బావగారిది చేనేత చీరల దుకాణం. మాట పెద్దది. ఎదుటి మనిషి పేరు పట్టి పిలవడు, ఏదో ఒకటి తగిలిస్తాడు. నేను డిగ్రీ కాలేజీ లైబ్రరీలో చేరాక నన్ను మాస్టారూ అనటం మొదలుపెట్టాడు. నేను మాస్టర్ని కాదని రెండుసార్లు చెప్పి మానుకున్నాను. పుస్తకాలు చదివేవాడు పనికిరానివాడని ఆయన అభిప్రాయం. గట్టిగా మాట్లాడేవాడు ఆలోచించడని నాది. పాతికేళ్ళు ఇద్దరం ఆ అభిప్రాయాలు మార్చుకోలేదు.

ఆయన కేసెట్లు ఊదేవాడు.

పెళ్ళయిన కొత్తలో ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి, కేసెట్‌ను పిల్లనగ్రోవిలా పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు ఊదుతున్నాడు. అక్క పక్కనే కూర్చుని చూస్తోంది. నేను అక్కవైపు చూశాను. ఆమె నవ్వింది. "ఊదటం ఆయన వాటా, తుడవటం నా వాటా. మధ్యలో నీకెందుకురా?" అంది. వీపు మోగించిన మనిషి ఆ మాట అనటం నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు. దసరాకు ఆయుధ పూజలో గజం బద్ద, కత్తెర, కుట్టుమిషను పక్కన ఆ వీడియో గేమ్ పెట్టె కూడా పెట్టేవాడు. పెట్టెకు, ఒక్కొక్క కేసెట్‌కూ కుంకుమ బొట్టు. ఆ పొడి గాడిలోకి దిగేది. సంక్రాంతి దాటినా తుడిచిన దూది ఎర్రగా వచ్చేది. అక్క దానికీ ఏమీ అనలేదు.

వాళ్ళకు పిల్లలు లేరు. అక్క ఆ బ్యాటరీ ఆటను చాలా ఏళ్ళు పక్కన పెట్టేసి, చివరి ఏడాది మళ్ళీ తీసింది. అప్పటికి ఒంట్లో బాగుండేది కాదు. పాత నోటుపుస్తకం మా ఇంట్లో ఉంటే అడిగి తెప్పించుకుంది, కొత్తగా పన్నెండు పేజీలు రాసింది, తిరిగి నాకే ఇచ్చింది. ఇక దానితో పని లేదు, అంతా గుర్తుంది అంది. ఆపరేషన్‌కు ఆసుపత్రికి వెళ్ళే రోజు పొద్దున కూడా కాసేపు ఆడి, ఒక ఊరి చివర వంతెన దగ్గర మనిషిని నిలబెట్టి, అక్కడ ఆపింది. నలభై ఒక్క గంటల పద్నాలుగు నిమిషాలు ఆడినట్టు తెర మీద అంకెలు ఉండేవి. ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.

వచ్చినవాళ్ళు ఆమెను దీపం అన్నారు, చల్లని నీడ అన్నారు, దేవత అన్నారు. నాకు ఆ మాటలన్నీ తుడిచి పారేయాలనిపించింది. ఆమె దేవత కాదు. కోపిష్టి. ఇచ్చిన పుస్తకం తిరిగి ఇచ్చేది కాదు. ఒకవైపుకే రుద్దమంటే ఒకవైపుకే రుద్దాలి. అది చాలు ఒక మనిషిని గుర్తుపెట్టుకోవటానికి.

పదకొండో రోజు భోజనాలయ్యాక నేను బావగారిని కేసెట్లు అడిగాను. అది అడగవలసిన రోజు కాదని నాకు తెలుసు. వానలు మొదలయ్యాయి, డబ్బా అటక కింద తేమలో ఉంది, అంతే ఆలోచించాను. ఆయన చెయ్యి కడుక్కుంటూ, అందరికీ వినపడేలా, "ఏం మాస్టారూ, విస్తళ్ళు ఇంకా ఎత్తలేదు, అప్పుడే పంపకాలకొచ్చావా?" అన్నాడు. మా పిన్ని కూతురు తల దించుకుంది. నేను ఏం చెప్పినా అబద్ధంలా ఉండేది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆయనే ఆపి, ఇల్లు దాటనిచ్చేది లేదని, తుడుస్తానంటే ఇక్కడికే వచ్చి తుడవమని అన్నాడు.

అలా ఏడాదిన్నర పాటు ప్రతి నెలా రెండో ఆదివారం బెజవాడలో బస్సెక్కి వెళ్ళాను. తలుపు తీసేవాడు, లోపలికి వెళ్ళేవాడు, పేపరు పట్టుకుని వరండాలో కూర్చునేవాడు. నేను హాల్లో నేల మీద పేపరు పరుచుకుని పన్నెండో పదమూడో కేసెట్లు తుడిచేవాణ్ణి. మూడు నెలలకు ఒక చుట్టు పూర్తయ్యేది. కాఫీ ఇచ్చేవాడు కాదు, నేను అడిగేవాణ్ణి కాదు. నేనున్నంతసేపూ ఆయన టీవీ పెట్టేవాడు కాదు. నేను వెళ్ళేటప్పుడు, "అయిందా ఉద్ధరింపు?" అనేవాడు. అయిందండీ అనేవాణ్ణి. అంతకు మించి మాటలు లేవు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ కుయ్‌మనేది, ఫ్యాను, ట్యూబ్‌లైటు ఆగేవి కావు. అది చాలాసార్లు చూశాను.

బ్యాటరీ కేసెట్ పిన్నులు మిగతా వాటిలా లేవు. మిగతా వాటి మీద దుమ్ము ఉండేది. దీని మీద సన్నటి నిలువు గీతలు, కొత్త రాపిడి. అంటే దాన్ని రోజూ గుచ్చి తీస్తున్నారు. ఇంట్లో ఉన్నది ఒక్కడే. ఆడటం ఆయనకు రాదు. పెట్టి, వంతెన దగ్గర నిలబడ్డ ఆ మనిషిని చూసి, కట్టేస్తున్నాడని నాకు అర్థమైంది. అర్థమైనప్పుడు జాలి కలగలేదు. కోపం వచ్చింది. రోజుకు ఒకసారి గుచ్చి తీస్తే ఏడాదికి ఎంత అరుగుతుందో లెక్క వేసుకున్నాను. ఊదుతున్నాడని కూడా తెలుస్తోంది, అంచున పచ్చ మొదలైంది. రోజూ తియ్యవద్దండీ, అందులోనే ఉంచండి అని చెప్పాను. ఆయన పేపరు తిప్పాడు.

ఆ చలికాలంలో ఒక ఆదివారం కేసెట్ పెట్టి చూస్తే, పాత ఆటలు చూపించే చోట మూడు వరసలూ ఖాళీగా వచ్చాయి. కట్టేసి, తీసి, తుడిచి మళ్ళీ పెడితే నాలుగు ఆకారాల పేరు వచ్చింది, నలభై ఒక్క గంటలు వచ్చాయి. ఇది చిలుము పని కాదు. బ్యాటరీ అయిపోవస్తోంది. గవర్నర్‌పేటలో పాత టీవీలు బాగుచేసే మెకానిక్ ఒకాయన ఉన్నాడు. ఆయన్ని అడిగాను. నెలలే గానీ ఏళ్ళు కాదన్నాడు. పోకుండా మార్చటానికి దారి కూడా చెప్పాడు. కేసెట్ విప్పి, లోపలి పలకను ఒట్టిదాన్నే పెట్టెలో గుచ్చి, స్విచ్ వేసి ఉంచాలి. పెట్టె నుంచి కరెంటు అందుతున్నంతసేపూ జ్ఞాపకం పోదు. ఆ సమయంలో పాత బ్యాటరీ ఊడదీసి కొత్తది అతకాలి. చెయ్యి వణక్కపోతే నాలుగైదు నిమిషాల పని.

మరుసటి నెల బావగారికి ఇదంతా చెప్పాను. నా జీవితంలో ఆయనతో అంత పొడుగ్గా మాట్లాడింది అదొక్కసారే. విన్నాడు. వరండాలోంచి లేచి వచ్చి, నేల మీద ఉన్న ఆ కేసెట్ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"తెరవటానికి వీల్లేదు."

తెరవకపోతే ఎలాగూ పోతుందండీ అన్నాను.

"పోయేదాకా ఉంటుంది కదా. వాళ్ళూ ఇలాగే చెప్పారయ్యా. తెరవకపోతే ఆర్నెల్లు, తెరిస్తే పదేళ్ళు అన్నారు. తెరిచారు. నువ్వూ పక్కనే ఉన్నావు, తలూపావు."

నేను ఆ మాటను ఒక పోలిక అనుకున్నాను. పోలికలంటే నాకు పడదు. మనిషి వేరు, ప్లాస్టిక్ డబ్బీ వేరు, దుకాణంలో చీర అమ్మేటప్పుడు చెప్పే మాటలు ఇక్కడ చెబుతున్నాడు అనుకున్నాను. ఆయన చెప్పింది పోలిక కాదు. ఇంకో పదం దొరక్క ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆసుపత్రిలో నేను తల ఊపిన మాట నిజమే. అది నాకు తరవాత చాలాసార్లు గుర్తొచ్చింది. ఆ రోజు గుర్తు రాలేదు.

రెండు నెలలు ఇంటి దగ్గర సాధన చేశాను. పనికిరాని కేసెట్లు మూడు కొన్నాను, పాత పెట్టె ఒకటి సంపాదించాను. మూడింటికీ జ్ఞాపకం పోకుండా బ్యాటరీ మార్చాను. మూడోసారి మూడున్నర నిమిషాలే పట్టింది. తప్పు చేసే అవకాశం ఎక్కడెక్కడ ఉందో కాగితం మీద రాసుకున్నాను. చెయ్యి జారటం. ప్లస్సు, మైనస్సు తారుమారవటం. ఎక్కువసేపు కాల్చటం. కరెంటు పోవటం అని కూడా రాసి, పక్కన ఇన్వర్టర్ ఉంది అని రాసుకుని, టిక్కు పెట్టుకున్నాను.

ఆ ఇంటి తాళంచెవి ఒకటి నా దగ్గర ఉంది. అక్క ఎప్పుడో ఇచ్చింది. బావగారు తిరిగి అడగలేదు. మరిచిపోయాడని అనుకున్నాను. మంగళవారం సెలవు పెట్టాను. ఆయన తొమ్మిదిన్నరకు దుకాణానికి వెళ్తాడు. తొమ్మిదీ నలభైకి నేను తాళం తీశాను.

కేసెట్ డబ్బాలో లేదు. పెట్టెలోనే గుచ్చి ఉంది. రోజూ తియ్యవద్దని నేను చెప్పిన మాట ఆయన విన్నాడన్నమాట. అది చూసి కూడా నేను ఆగలేదు. స్విచ్ వేశాను. పేరు ఉంది, గంటలు ఉన్నాయి. కట్టేసి విప్పాను. పలకను గుచ్చి మళ్ళీ స్విచ్ వేశాను. తెర మీద వంతెన వచ్చింది. ఐరన్ వేడెక్కింది. పదీ పదకొండుకి బ్యాటరీ మొదటి కాలు అతుకు ఊడింది. పదీ పన్నెండుకి రెండోది ఊడింది. పట్టకారుతో బ్యాటరీ పైకి తీశాను.

ఇన్వర్టర్ కుయ్‌మంది. ఫ్యాను తిరుగుతోంది. ట్యూబ్‌లైటు వెలుగుతోంది. టీవీ నల్లబడింది.

నేను టీవీ పాడైందనుకున్నాను. తరవాత పెట్టె మీది ఎర్ర దీపం చూశాను. అది కూడా ఆరిపోయింది. అప్పటికీ నా చెయ్యి దాని పని అది చేసింది. ఐరన్ వేడి తగ్గకముందే కొత్త బ్యాటరీ అతికించాను. అతుకు చక్కగా కుదిరింది. అంత శుభ్రమైన అతుకు సాధనలో కూడా వేయలేదు.

తెర మీద చూస్తే తప్ప పోయిందో ఉందో తెలియదు. చూడాలంటే కరెంటు రావాలి. నేల మీద కూర్చున్నాను. పదిన్నర దాటాక తలుపు తెరుచుకుంది. వీధంతా కరెంటు లేక దుకాణం కట్టేసి బావగారు భోజనం క్యారియర్‌తో వచ్చాడు. గుమ్మంలో నా చెప్పులు చూసే ఉంటాడు. లోపలికి వచ్చి, పేపరు మీద విప్పి ఉన్న కేసెట్ పెంకులు, ఐరన్, పాత బ్యాటరీ వరసగా చూశాడు. అరవలేదు. అరుస్తాడనుకున్నాను, అరిస్తే బాగుండేది.

"ఇవాళ పది నుంచి రెండింటి దాకా లైను పని," అన్నాడు. "మూడు రోజుల నుంచి చెబుతున్నారు. పేపర్లో కూడా వేశారు."

ఇన్వర్టర్ ఉంది కదా అనుకున్నానండీ అన్నాను.

"ఫ్యానుకీ లైటుకీ ఇచ్చారయ్యా ఇన్వర్టరు. టీవీ ప్లగ్గుకి ఎవడిస్తాడు? మీ అక్క కరెంటు పోయినప్పుడల్లా ఆట చెడిందని తిట్టేది నన్ను. ఒక్క మాట అడిగితే చెప్పేవాణ్ణి."

ఒక్క మాట. ఏడాదిన్నరలో ఆ ఇంట్లో నేను అడగనిది అదే. మా ఇళ్ళలో ఇన్వర్టర్ లైన్లు ఎలా వేస్తారో నాకు తెలియనిది కాదు. మా ఇంట్లోనూ టీవీకి లేదు. బెజవాడలో సాధన చేసేటప్పుడు కరెంటు పోలేదు కాబట్టి నాకు గుర్తు రాలేదు. ఏ ప్లగ్గు దేనికో ఆ ఇంటివాళ్ళనే అడగాలి. అడగాలంటే మాట్లాడాలి. నేను కాగితం మీద టిక్కు పెట్టుకున్నాను.

వెళ్ళమని ఆయన అనలేదు. నేను లేవలేదు. ఆయన కుర్చీలో, నేను నేల మీద, ఇద్దరం ఆ నల్లటి టీవీకి ఎదురుగా రెండు వరకు కూర్చున్నాం. మధ్యలో ఒంటిగంటకు ఆయన క్యారియర్ విప్పాడు. దొండకాయ వేపుడు వాసన వచ్చింది. మా ఇళ్ళలో ఎదురుగా మనిషి కూర్చుని ఉంటే, శత్రువైనా సరే, తింటావా అని అడగకుండా ముద్ద నోట్లో పెట్టుకోరు. ఆయన అడగలేదు. మెల్లగా, పెరుగు దాకా తిన్నాడు. గిన్నెలు కడిగి బోర్లించి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

రెండింటికి ఐదు నిమిషాల ముందు టీవీ గర్‌మంది. నేను పెట్టె కట్టేసి, పలకను తీసి పెంకుల్లో పెట్టి మరలు బిగించాను. పెట్టెలో గుచ్చబోతే ఆయన చెయ్యి చాచాడు. ఇచ్చాను. నోటి దగ్గర పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు ఊదాడు. గుచ్చాడు. స్విచ్ వేశాడు.

పాట వచ్చింది. మూడు వరసలు వచ్చాయి. మూడూ ఖాళీ.

ఆయన కట్టేసి, తీసి, మళ్ళీ ఊది, మళ్ళీ పెట్టాడు. ఐదుసార్లు చేశాడు. చలికాలంలో నేను చేసినప్పుడు తిరిగి వచ్చింది కదా, ఆ ఆశ. తిరిగి రాదని నాకు తెలుసు. ఆ మాట చెప్పలేదు. ఐదోసారి తరవాత కేసెట్‌ను తిప్పి పిన్నులు చూశాడు. మెరుస్తున్నాయి.

"శుభ్రంగా ఉందయ్యా మాస్టారూ," అన్నాడు. "ఇప్పుడు చాలా శుభ్రంగా ఉంది."

తరవాత తాళంచెవి అడిగాడు. ఇచ్చాను. అది నా దగ్గర ఉందని ఆయనకు మొదటినుంచీ తెలుసు. మీ అక్క ఇచ్చింది కదా, నేనెలా అడుగుతాను అనుకున్నాను, అన్నాడు. ఆ రోజు ఆయన అన్న మాటల్లో నన్ను బాధించాలని అననిది అదొక్కటే. నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలింది కూడా అదే.

ఆ నెల రెండో ఆదివారం మళ్ళీ వెళ్ళాను. అక్క నోటుపుస్తకం తీసుకెళ్ళాను. మొదటినుంచి ఆడి ఆ వంతెన దాకా వెళ్ళటానికి కావలసినదంతా అందులో ఉంది. వరుసగా నొక్కుకుంటూ పోతే ఎవరైనా వెళ్ళవచ్చు. ఆయన వరండా గ్రిల్లు తీయలేదు. ఊచల మధ్య నుంచి పుస్తకం అందుకున్నాడు. ఒక పేజీ తిప్పి, అక్షరాలు చూసి, మూసేశాడు. అక్కడిదాకా నడిపించినా అది మీ అక్క నిలబెట్టినట్టు కాదు, అన్నాడు. అది నిజం. నేను ఆయనతో ఏకీభవించిన విషయం జీవితంలో అదొక్కటే.

డబ్బా ఎక్కడ పెట్టారని అడిగాను. అటక మీద అన్నాడు. వానలొస్తే తడి చేరుతుందండీ అన్నాను. చేరనీ అన్నాడు. లోపలి నుంచి వార్తలు వినపడుతున్నాయి. అక్క పోయాక, నేనుండగా ఆయన టీవీలో వార్తలు పెట్టటం అదే మొదటిసారి.

బస్టాండు దాకా నడిచి బెజవాడ బస్సెక్కాను. సంచిలో తెల్ల రబ్బరు, స్పిరిట్ సీసా, పెన్ను గొట్టం అలాగే ఉన్నాయి. ఇప్పుడు మళ్ళీ వానలు మొదలయ్యాయి. ఆ కేసెట్లను ఎవరూ తుడవటం లేదు.